ముందు చూసినవాళ్లు

గిడ్డయ్య సామిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు తంబుర పక్కన పెడతాడు. పైపంచెతో మొహం తుడుచుకుంటాడు. ఆ తరువాత అడిగినవాడి వైపు కాకుండా మరెటో చూస్తూ, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి మొదలుపెడతాడు. అది మన ప్రశ్నకు జవాబో కాదో ఇంటికి వెళ్లి పడుకున్నాక గానీ తెలియదు. తత్వాలు నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరినవాళ్లం కొద్దిమందిమి. అందరం నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో దుమ్ము మింగినవాళ్లమే.

ఒక సాయంత్రం పాట అయిపోయాక మాలో ఒకడైన లోకనాథ్ అడిగాడు. అతను కొత్తగా గోడంత టీవీ కొన్నాడు. పక్కింటి నాగన్న ఫోన్‌లో క్రికెట్ చూస్తాడు. ఇద్దరూ చూసేది ఒకే ఆట. అయినా ఫోన్‌లో వచ్చేది టీవీ కన్నా అర నిమిషం వెనక నడుస్తుంది. వికెట్ పడగానే లోకనాథ్ గోడ మీదుగా తల పెట్టి "అవుటయినాడు పో!" అని అరుస్తాడు. నాగన్న ఫోన్‌లో అప్పటికి బౌలర్ ఇంకా బంతి తుడుచుకుంటుంటాడు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు.

"నాదేం తప్పు సామీ? లైవ్ అంటే జరిగేది జరిగినప్పుడు చూడటమే గదా. టీవీలో చూసినోడే అసలు చూసినట్టు. ఫోన్‌లో వానికొచ్చేది చల్లారిన కూడు. అవునా కాదా, నువ్వే చెప్పు."

సామి తంబుర పక్కన పెట్టాడు. మొహం తుడుచుకున్నాడు. "మద్దమ్మ బిడ్డ ఫైనల్ ఆడిన రోజు నువ్వు ఊళ్లో లేవు గదూ?" అన్నాడు.

మద్దమ్మది బస్టాండు ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి. మొగుడు రాళ్ల దుమ్ముకే పోయాడు. ఒక్కతే కూతురు శివలీల, కబడ్డీ ఆడుతుంది. ఆడపిల్లకు నిక్కరేంది, మగాళ్ల ముందర ఆ కూతలేంది అని ఈ ఊరు అనని మాట లేదు. బండి దగ్గర నిలబడి, ఆమె వేసిన బజ్జీలు తింటూనే అన్నారు. మద్దమ్మ శనగపిండి కలుపుతూనే విన్నది. పిల్లను మాత్రం గ్రౌండు మాన్పించలేదు. ఆ పిల్ల రాష్ట్రం జట్టుకెక్కి, ఎక్కడో ఉత్తరాదిన జరిగే జాతీయ పోటీల్లో సెమీ ఫైనల్ దాకా వెళ్లేసరికి అవే నోళ్లు 'మా శివలీల' అన్నాయి. రోడ్డుకు ఇవతల పీరన్న హోటల్లో పెద్ద టీవీ ఉంది. జనమంతా అక్కడ చేరారు.

"రా మద్దమ్మా, ముందు వరుసలో నీకు కుర్చీ ఏసినా," అని పీరన్న పిలిచాడు.

"వద్దులే పీరన్నా, నూనె కాగుతాంది," అన్నదామె.

అసలు కారణం నూనె కాదు. కూతురు క్యాంపుల్లో ఉన్నన్నాళ్లూ రోజూ మద్దమ్మ ఫోన్‌లోనే మొహం చూపించి మాట్లాడేది. తిన్నావా అమ్మా అని అడిగేది ఆ చిన్న తెరలోంచే. ఆటలోనూ బిడ్డను అందులోనే చూడాలనుకుంది తల్లి. ఫోన్‌ను సోడా సీసాకు ఆనించి పెట్టుకుంది.

సెమీ ఫైనల్ నడుస్తుండగా హోటల్లో ఒక్కసారిగా "అయ్యో, మోకాలు!" అని కేక లేచింది. మద్దమ్మ ఉలిక్కిపడి ఫోన్ చూసింది. అందులో శివలీల నిలబడే ఉంది. కూత మొదలుపెట్టి గీత దాటుతోంది. టీవీలో పడిపోయిన బిడ్డ ఫోన్‌లో ఇంకా పడలేదు. పడబోతుందని తల్లికి తెలుసు, ఎలా పడుతుందో తెలియదు, ఆపడానికి లేదు. ఆ అర నిమిషం ఆమె జల్లిగరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

దెబ్బ చిన్నదే. పిల్ల లేచి ఆడింది, జట్టు గెలిచింది. ఆట కాగానే మద్దమ్మ జల్లిగరిటెతోనే రోడ్డు దాటి వచ్చింది.

"మీకు ముందే కనబడుతుందని అరిచి చంపుతారా నన్ను? కన్నది నేనా మీరా? నా బిడ్డ పడినా లేచినా నా కండ్లతో నేను చూసుకోవాల. మీ నోళ్లతో కాదు."

చివరి బల్ల దగ్గర ఎవడో నవ్వబోయి ఆగాడు.

మరునాడు ఫైనల్. ఆట మొదలయ్యే ముందు పీరన్న కౌంటరు దిగి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. "పాయింటొచ్చినా, పోయినా, ఒక్కరి నోట్లోంచి చప్పుడు రాకూడదు. అరిచినోనికి రేపట్నుంచి ఈడ టీ లేదు."

"పోయినప్పుడు మూసుకుంటాం గానీ, వచ్చినప్పుడు అరుస్తాంలే అన్నా," అన్నాడు లారీ డ్రైవర్ సుంకన్న.

"అప్పుడు మనం ఊరకుంటే పోయిందని ఆమెకు తెలిసిపోదా, తిక్కోడా? అరిస్తే అన్నిటికీ అరవాల. లేదంటే దేనికీ వద్దు."

అలా ఒక కబడ్డీ ఫైనల్‌ను హోటల్ నిండా మగాళ్లు చావింట్లో కూర్చున్నట్టు కూర్చుని చూశారు. "నేను పైపంచె నోట్లో కుక్కుకున్నా," అని సామి నవ్వాడు. "సుంకడు టీ గ్లాసు కొరుకుతాడేమోనని భయపడినాం. పాయింటొచ్చినప్పుడల్లా పక్కోని తొడ గిల్లడమే. మరునాడు ఒక్కని తొడా తిన్నగా లేదు."

చివరి కూత. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. శివలీల వెళ్లింది. ఒకరిని తాకింది. వెనక్కి తిరిగేలోపు ఇద్దరు నడుం పట్టారు, ఇంకొకరు చీలమండ పట్టారు. అంతా గుట్టగా పడ్డారు. ఆ గుట్ట కింది నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, నేల మీద పాకి, వేళ్ల కొసలతో గీతను అందుకుంది.

గెలిచారు. హోటల్లో ఊపిరి చప్పుడు కూడా లేదు. ఒక్కొక్కరే టీవీ వైపు నుంచి తిరిగి రోడ్డవతలికి చూశారు. మద్దమ్మ ఫోన్ మీదికి వంగి ఉంది. ఆమె బిడ్డ ఇంకా ఆ కూతకే వెళ్లలేదు. టీవీలో జట్టు పిల్లలు శివలీలను భుజాలకెత్తుకుని తిరుగుతున్నారు. దాన్ని చూసేవాడు లేడు. అందరూ మద్దమ్మ వంగిన వీపును, కొంగుతో ఫోన్ తెర తుడిచిన చేతిని చూస్తున్నారు. బస్సొకటి వచ్చి మధ్యలో ఆగబోతే సుంకన్న చేతులూపి ముందుకు పంపించాడు.

మద్దమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. వంగింది. లేచింది. బండినీ కాగే నూనెనూ వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"గెలిచిందన్నా! పీరన్నా, నా బిడ్డ గెలిచింది!"

పీరన్న కౌంటరు వెనక నుంచి లేచాడు. "అవునా! గెలిచిందా?" అన్నాడు.

అప్పుడు అరిచారు. ఏం కొంప మునిగిందోనని బస్సులెక్కినవాళ్లు దిగి వచ్చారు. అరిచి అరిచి కొందరు ఏడ్చారు. నిక్కరు గురించి మాట్లాడినవాళ్లూ ఏడ్చారు. నాదీ ఈ ఊరే, వాళ్ల పేర్లు నాకు తెలుసు, మరిచిపోను. ఆ రోజు వాళ్లు నోరు మూసుకున్న సంగతి కూడా మరిచిపోను.

వాళ్లు ముందే చూశారని మద్దమ్మకు తెలియక కాదు. టీవీ ముందని ఆమెకు ముందు రోజే తెలుసు. మరునాడు పొద్దున్నే ఉగ్గాని టిఫిన్ వేళకు హోటలుకు వచ్చి, వేడి బజ్జీల పళ్లెం బల్ల మీద పెట్టింది. "నా బిడ్డ గెలవడం ఏమంత వింత కాదులే. ఇంతమంది మగాళ్లు ఆటంతా నోరు మూసుకున్నారే, కప్పు మీకియ్యాల," అన్నది. పళ్లెం పీరన్న వైపు ఇంకాస్త జరిపింది.

సామి తంబుర మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. లోకనాథ్ వదల్లేదు.

"అంతా బాగుంది సామీ. అయినా ముందు చూసింది టీవీ వాళ్లే గదా?"

సామి తీగ సవరించుకుంటూ అన్నాడు: "లేదప్పా. గెలిచిందని ఆమె వచ్చి చెబితేనే మాకు తెలిసింది."