ఎమిటర్ రెసిస్టర్ పీకేసిన ప్రసూన

బొబ్బిలిలో ప్రసూన అనే పాలిటెక్నిక్ అమ్మాయి ఉండేది. తెలివికి లోటు లేదు గానీ, తనకు అడ్డం అనిపించినదాన్నల్లా పీకి పారేసేదాకా ఊరుకునేది కాదు.

ఆమె మేనత్త కాంతమ్మ హరికథలు చెప్పేది. జబ్బుపడి లేచాక ఆవిడ గొంతు పీలగా అయిపోయింది. "ఈసారీ వెనకవాళ్లకు వినపడకపోతే ఇంకెవరినైనా పిలుచుకుంటాం" అని ఉత్సవ కమిటీవాళ్లు మొహం మీదే అనేశారు. ప్రసూనకు ఒళ్లు మండిపోయింది. మైకుకూ మైకుసెట్టుకూ మధ్య పెట్టడానికి బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్లుండే ఒక ట్రాన్సిస్టర్‌తో, గొంతు పెంచే చిన్న యాంప్లిఫయర్ కట్టింది.

కాలేజీలో సన్యాసిరావు మాస్టారు దాన్ని చూసి, "బాగుందమ్మా! ఎమిటర్ కింద ఉన్న రెసిస్టర్ మాత్రం తియ్యకు. దానికి జతగా..." అంటూ ఉన్నాడు.

"సౌండు తగ్గిస్తున్నది అదేనండీ!" అంది ప్రసూన. మిగతా మాట వింటేనా? రెసిస్టర్ పీకేసి, ఎమిటర్‌ను తిన్నగా గ్రౌండుకు కలిపి, బేస్ వోల్టేజి సర్దేసింది. ఇంట్లో పెట్టి చూస్తే అత్త గొంతు ఖంగుమంది.

ఉత్సవం నాడు ఎండ దంచేస్తోంది. కథ కాసేపు బాగానే సాగింది. రేకుల పందిట్లో యాంప్లిఫయర్ పెట్టె వేడెక్కేసరికి కాంతమ్మ గొంతు గరగరమంటూ ముక్కలైపోయింది. జనం ఈలలు వేశారు. పాపం, ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అత్తా, మృదంగం ఆయన్ని కాస్తసేపు వాయించమను!" అని ప్రసూన మీటరు పెట్టి చూసింది. ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలు దగ్గర సప్లైలో సగం ఉండాల్సిన వోల్టేజి అడుక్కు దిగిపోయింది.

"నా మతి మండా! వేడికి కరెంటు పెరుగుతుంటే పట్టి ఆపేదాన్ని నేనే పీకేశాను. ఇక గొంతు పైకీ కిందికీ ఊగడానికి చోటేదీ?"

మరి రెసిస్టర్ పెడితే సౌండు తగ్గదూ? ఆలోచించగా తట్టింది. దాని పక్కనే ఒక కెపాసిటర్ కలిపితే సరి! నిలకడ కరెంటు రెసిస్టర్ అదుపులో ఉంటుంది, ఊగే గొంతు కెపాసిటర్ దారిన హాయిగా పోతుంది. మాస్టారు చెప్పబోయింది ఇదేనన్నమాట! వెంట తెచ్చుకున్న పనిముట్ల సంచి విప్పి, గబగబా పాత సర్క్యూట్ తిరిగి కట్టి, కెపాసిటర్ అతికించింది.

కాంతమ్మ పద్యం ఎత్తుకుంది. ఆహా, ఏం గొంతు! పందిరి దాటి రోడ్డు మీద రిక్షావాళ్లు కూడా ఆగిపోయారు. చప్పట్లు మోగిపోయాయి. కమిటీ పెద్ద స్వయంగా వచ్చి, "వచ్చే ఏడూ మీరే చెప్పాలమ్మా!" అని శాలువా కప్పాడు.

నీతి: అదుపు చేసేదల్లా అడ్డంకి కాదు, అదుపులో ఉన్న బలమే కడదాకా నిలుస్తుంది.