బీపీలో నూటికి నూరు

కొత్తమిట్ట టౌనులో ప్రైవేటు బడి నడిపే పర్వతాలరావు మాస్టారికి నూటికి నూరు తప్ప మరో అంకె కంటికి ఆనేది కాదు. పదో తరగతి తప్పుతాడని అనుమానం వచ్చిన పిల్లవాణ్ణి పరీక్షలకు ముందే వేరే బడికి సాగనంపేవాడు. ఆ తరువాత గేటుకు ‘నూరు శాతం ఉత్తీర్ణత’ అని బ్యానరు కట్టించుకునేవాడు. అలాంటి నూరుకు ఊళ్లో పెద్దలు శాలువాలు కూడా కప్పారు. ఆ శాలువాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒక సోమవారం ప్రభుత్వాసుపత్రి నుంచి కబురు వచ్చింది. గురువారం నర్సు వచ్చి పిల్లలందరికీ బీపీ చూస్తుందట. పిల్లలకు బీపీ ఏమిటని మాస్టారు ముందు నవ్వాడు. ఆ అంకెలన్నీ రాసి జిల్లాకు పంపుతారని తెలిసేసరికి నవ్వు ఆగిపోయింది. రాసి పంపేది ఏదైనా ఆయన దృష్టిలో రిజల్టే.

వెంటనే పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కరికి కూడా బీపీ ఎక్కువ రాకూడదని హెచ్చరించాడు. మూడు రోజులు ఊరగాయ ముట్టుకోవద్దన్నాడు. ఐదో తరగతి వరసలో ఒక చెయ్యి లేచింది.

“చాయిస్ ఉంటుందా సార్?”

“ఉండదు. అందరికీ ఒకటే ప్రశ్న,” అన్నాడు మాస్టారు.

బుధవారం ముందస్తు పరీక్ష పెట్టాడు. డ్రిల్లు సారు తన తండ్రి వాడే బీపీ మిషను ఇంటి నుంచి తెచ్చాడు. ఆటల పీరియడు నుంచి రొప్పుతూ వచ్చినవాళ్లకు కూడా అలాగే పట్టీ చుట్టి చూశాడు. ఏడుగురికి నూట ఇరవై దాటింది. మాస్టారు ఆ ఏడు పేర్లూ చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

గురువారం ఉదయం ఆ ఏడుగురినీ సైన్సు గదిలో కూర్చోబెట్టి, బొమ్మలు వేసుకోమని కాగితాలిచ్చి, బయట గడియ పెట్టించాడు. దగ్గు వచ్చినా ఆపుకోమన్నాడు.

నర్సు మరియమ్మ పెద్ద సంచితో వచ్చింది. అందులో సన్న చేతులకు సన్నవి, లావు చేతులకు లావువి, రకరకాల పట్టీలు ఉన్నాయి. పదేసి మందిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, ఆ తరువాత ఒక్కొక్కరినే చూసేది. మాస్టారు బెత్తం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. తగ్గించు, ఇంకా తగ్గించు అని పిల్లల్ని గదమాయిస్తుంటే మిషనులో అంకెలు పైకి పోసాగాయి.

“మాస్టారూ, మీరు కాసేపు బయటికి వెళ్లండి. మీరు పక్కనుంటే నా బీపీ పెరుగుతోంది,” అంది మరియమ్మ.

మధ్యాహ్నానికి అందరూ అయిపోయారు. ఎవరికీ ఎక్కువ లేదు. మాస్టారు మీసం దువ్వుకుంటూ కాఫీ తెప్పించాడు. మరియమ్మ కాఫీ తాగుతూ ఆఫీసు గోడ మీది నల్లబల్ల చూసింది. మొత్తం 212, హాజరు 212 అని ఉంది. హాజరు కూడా నూటికి నూరు లేకపోతే మాస్టారికి అన్నం దిగదు మరి.

“నేను చూసింది రెండు వందల ఐదుగురిని. మిగతా ఏడుగురు ఏరి?”

“వాళ్లు... ప్రాక్టికల్స్‌లో ఉన్నారు.”

“పిల్లల పేర్లు చెప్పండి.”

చీటీ బయటికి రాక తప్పలేదు. అందులో ఇద్దరు రెండో తరగతివాళ్లు.

“రెండో తరగతికి ప్రాక్టికల్సా?” అంటూ మరియమ్మ కప్పు అక్కడే పెట్టి వెళ్లి సైన్సు గది గడియ తీసింది. పిల్లలు దగ్గు ఆపుకుని ఎర్రబడిన ముఖాలతో కూర్చుని ఉన్నారు. నూట ఇరవై దాటితే ఫెయిలు కదా అని మాస్టారు గొణిగాడు. పెద్దవాళ్ల అంకె పిల్లలకు పనికిరాదనీ, వాళ్లకు వయసునూ ఎత్తునూ బట్టి చూడాలనీ ఆమె గట్టిగానే చెప్పింది.

ఆమె వాళ్లను దగ్గనిచ్చి, నీళ్లు తాగించి, కుదురుగా కూర్చోబెట్టి చూసింది. ఆరుగురికి మామూలుగానే ఉంది. నాలుగో తరగతి కుందనకు మాత్రం మూడుసార్లు చూసినా నూట నలభై ఎనిమిది దగ్గరే ఉంది. తలనొప్పి వస్తుందా అమ్మా అని అడిగింది మరియమ్మ.

“రోజూ వస్తుంది. చెబితే లెక్కలు ఎగ్గొట్టడానికి అంటారు,” అంది కుందన.

పెద్దాసుపత్రిలో స్కాను తీస్తే, ఒక కిడ్నీకి రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడిందని తేలింది. ఇంకో ఏడాది ఎవరూ చూడకపోయి ఉంటే కిడ్నీ దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. సమయానికి వైద్యం అందింది. పిల్ల కోలుకుంది.

నెల తరువాత కుందన తండ్రి నూకరాజు బడికి వచ్చాడు. అతను బస్టాండు దగ్గర పంక్చర్లు వేస్తాడు. మాస్టారు ఎన్నడూ లేనిది తానే లేచి కుర్చీ జరిపాడు. నూకరాజు కూర్చోలేదు.

“మా పాప ఏ సబ్జెక్టులో తప్పిందని దాచారు సార్?”

మాస్టారు నోరు తెరిచాడు, మూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు సున్నా మార్కులు వచ్చిన పరీక్ష అదొక్కటే.

నీతి: తమ పేరు చెడుతుందని పిల్లల జబ్బును దాచే పెద్దలు ఆ జబ్బుకంటే ప్రమాదం.