సగం చెప్పిన మాట

అనగనగా, ఏడు సముద్రాలకు ఇవతల, రత్నగిరి అని ఓ రాజ్యం. దాన్నేలే విరజసేన మహారాజుకు ముగ్గురు కొడుకులు. ఆ రాజసభలో ఓ వింత ఆచారం ఉండేది. వాదానికి దిగినవాడు, బదులు చెప్పేముందు అవతలివాడి మాటను తన నోటితో చెప్పాలి. అవతలివాడు "అవును, నేనన్నది అదే" అని తలూపాలి. అప్పుడే తన మాట ఎత్తాలి. భలే ఆచారం కదూ! సభవాళ్ళూ దాన్ని చూసుకుని తెగ మురిసిపోయేవారు.

ఓ ఏడాది గుహనాథుడనే మాంత్రికుడు వచ్చి, వాళ్ళ చిత్రవేణి నదిని చెంబులో పట్టుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు. "వాదంలో నన్ను గెలిచి తీసుకుపోండి. ఓడితే రాయైపోతారు" అని కబురంపాడు. పెద్దకొడుకు వెళ్ళాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళాడు, రాయైపోయాడు. బావులెండాయి. పసిపిల్లల నాలుకలు పిడచకట్టుకుపోయాయి. ఇక మిగిలింది మూడోవాడు జయకేతు.

ఓ ముసలి తాబేలు అతన్ని వీపుమీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. ఒడ్డున దించుతూ, "బాబూ, వాదమూ వద్దు, గీదమూ వద్దు. వాడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది. మెడ నులిమెయ్. నదీ వస్తుంది, అన్నలూ లేస్తారు" అంది.

జయకేతు వెళ్ళేసరికి మాంత్రికుడు ఇంట లేడు. వాకిట్లో రాళ్ళై నిలబడ్డ అన్నలున్నారు. వాళ్ళని చూడగానే పక్కనున్న పంజరంలో చెయ్యి పెట్టాడు.

చిలకకు జామపండు పెడుతున్న మాంత్రికుడి కూతురు వకుళ చేతులు జోడించింది. "మిమ్మల్ని ఆపే బలం నాకు లేదు. కానీ నదిని ఎందుకు తెచ్చావని మీ అన్నల్లో ఒక్కరైనా మా నాన్నని అడగలేదు. మీరొక్కసారి అడగండి. ఆ తర్వాత మీ ఇష్టం" అంది.

నిజానికి ఆ ప్రశ్న జయకేతుకూ తట్టలేదు. సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మాంత్రికుడు రాగానే అదే అడిగాడు. గుహనాథుడు తెల్లబోయాడు. తర్వాత చెప్పాడు.

"మీ నది చివర మా పల్లె. మీ అద్దకాలవాళ్ళ రంగునీళ్ళన్నీ మా రేవుకే వచ్చేవి. అవి తాగి మా అమ్మ పోయింది. మూడుసార్లు మీ సభకు వచ్చాను. మూడుసార్లూ గుమ్మంలోనే గెంటించారు. మీకెందుకయ్యా నది? ఊఁ, ఇప్పుడు నా మాట నువ్వు చెప్పు. మీ ఆచారమేగా!"

"మా వల్ల నీళ్ళు కాస్త మురికయ్యాయంటున్నారు" అన్నాడు జయకేతు.

"సగమే చెప్పావు!" జయకేతు పాదాలు రాయైపోయాయి.

"మా రంగునీళ్ళు తాగి మీ అమ్మగారు పోయారంటున్నారు."

"సగమే చెప్పావు!" నడుందాకా రాయైపోయింది.

మిగతా సగం జయకేతుకు తెలుసు. చెప్పడానికి సిగ్గేసింది. రాయి గుండెదాకా పాకుతోంది. చివరికి తలెత్తాడు.

"అందరి మాటా వింటామని గొప్పలు పోయే మా సభ మీ మాట వినలేదు. గెంటించింది మా నాన్నగారు. ఓసారి నేనూ అక్కడే ఉన్నాను. మీ బురదకాళ్ళు చూసి నవ్వాను."

ఆ నవ్వు సంగతి గుహనాథుడికీ తెలియదు. కళ్ళు తుడుచుకుని, "అవును. నేనన్నది అదే" అని తలూపాడు. రాయి పెళ్ళలుగా రాలిపోయింది.

"ఇప్పుడు నా మాట" అన్నాడు జయకేతు. "తప్పు మాది, శిక్ష పసివాళ్ళది. అక్కడ దాహంతో తల్లులు పోతున్నారు."

గుహనాథుడు చెంబులోకి తొంగిచూశాడు. "నేనూ అమ్మల్నే చంపుతున్నానంటున్నావు" అన్నాడు.

"అవును, నేనన్నది అదే."

మాంత్రికుడు చెంబు చేతికిచ్చాడు. పంజరం తలుపు తనే తీశాడు. అన్నలు ఒళ్ళు విరుచుకుని లేచారు.

నది మళ్ళీ పారింది. రంగునీళ్ళకు వేరే గుంటలు తవ్వించారు. జయకేతుకూ వకుళకూ పెళ్ళయింది. తర్వాత అతను రాజై చాలా ఏళ్ళు ఏలాడు. గుహనాథుడూ రత్నగిరికే వచ్చేశాడు. మామా అల్లుళ్ళు రోజూ వాదించుకునేవారు. సగం రోజులు అల్లుడే ఓడిపోయేవాడు, ఓడిన రోజూ హాయిగా భోంచేసేవాడు.

మరి చిలక? అది సభ గుమ్మం మీద కాపురం పెట్టింది. భటులు ఎవరినైనా బయట ఆపారో, "సగమే! సగమే!" అని ఊరంతా వినబడేలా అరిచేది. ఆ అరుపు చెవినబడగానే రాజు వాదం మధ్యలో ఆపి, సింహాసనం దిగి, గుమ్మం దాకా తనే నడిచి వచ్చేవాడు.