ఎర్ర చుక్క పెట్టిన బోల్టు

ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పే అలవాటు ఉస్తాద్ కరీముల్లాకు లేదు. పానా చేతికిచ్చేవాడు. చీమకుర్తి గ్రానైటు క్వారీల దారిలో ఆయన మెకానిక్ షెడ్డు. అక్కడ పని నేర్చుకున్నవాళ్లందరికీ ఈ సంగతి అలవాటైపోయింది, ఒక్క అంకమ్మకు తప్ప. పాత మోటార్లు విప్పి విప్పి సగం పని తనంతట తానే నేర్చుకున్న పిల్ల. అడిగిందానికి అప్పటికప్పుడు జవాబు కావాలి.

ఆ రోజు పొద్దున్నే అడిగింది. "ఉస్తాద్, ఒక మనిషిని మనసులోంచి తీసెయ్యాలంటే ఎంత గట్టిగా లాగాలి?"

ఆ మనిషి ఎవరో షెడ్డులో అందరికీ తెలుసు. యేసోబు. వాకిట్లో నిలబడి ఉన్న, క్వారీలో రాళ్లెత్తే పాత లోడరును నాలుగేళ్లు నడిపినవాడు. రెండేళ్ల కిందట కరీంనగర్ క్వారీకి వెళ్తూ ఈస్టరుకు వస్తానన్నాడు. పోయిన నెల అక్కడే పెళ్లి చేసుకున్నాడు. అంకమ్మ అతని నంబరు తీసేసింది, ఫొటోలు తీసేసింది, అతను కొనిచ్చిన గొడుగు ఎవరికో ఇచ్చేసింది. అయినా రాతి దుమ్ములోంచి ఏ లోడరు చప్పుడు వినపడినా తల అటే తిరిగేది.

ఉస్తాద్ వాకిట్లోకి వేలు చూపించాడు. "దాని ఇంజను అరిగిపోయింది. సాయంత్రానికి వేరేది వస్తుంది. పాతది దించు. గేరుబాక్సు బంగారం లాంటిది, దానికి దెబ్బ తగలనివ్వకు."

ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య కన్వర్టరు ఉంటుంది, పెద్ద గుమ్మడికాయంత ఇనప డొల్ల. లోపల ఎదురెదురుగా రెండు పంకాలు. ఒకదాన్నొకటి ముట్టుకోవు. ఒకటి తిరిగితే మధ్యలో ఉన్న ఆయిలే ఆ తిరుగుడును రెండోదానికి అందిస్తుంది. ఈ సంగతి యేసోబు చెప్పిన రోజు ఆ ఆశ్చర్యంలో అంకమ్మకు అన్నం కూడా గుర్తురాలేదు. ఇంజను దించేటప్పుడు కన్వర్టరును గేరుబాక్సు దగ్గరే వదిలేసి, దాన్ని ఇంజనుకు పట్టి ఉంచే ఆరు బోల్టులూ విప్పాలి. అవి లోపల ఉంటాయి. పక్కన అరచేయంత కిటికీ. రాడ్డు పెట్టి ఇంజనును కొంచెం కొంచెం తిప్పుతుంటే ఒక్కో బోల్టూ ఆ కిటికీలోకి వస్తుంది.

మధ్యాహ్నానికి అంకమ్మ పైపులు, వైర్లు, బోల్టులు అన్నీ విప్పేశానంది. షెడ్డులో పాత పనివాడు సుబ్బారెడ్డి, ఇంజన్లు పైకెత్తే చైన్ బ్లాకు గొలుసు అందుకున్నాడు. ఇంజను వేలెడు కదిలి ఆగిపోయింది.

"లాగు బాబాయ్!"

"లాగుతూనే ఉన్నానమ్మా. ఇది నీకంటే మొండిది."

"ఇంకాస్త!"

గొలుసు కిర్రుమంది. ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టి చెయ్యెత్తాడు. మొదటి లాగుకు రాని ఇంజనుకు రెండో లాగు లేదు, గొలుసు వదులు చెయ్యాల్సిందే. ఆ షెడ్డులో అది ఆయన పెట్టిన ఆచారం.

"లోపల ఒక్క బోల్టు మిగిలున్నా కన్వర్టరు కూడా వెంట వచ్చేస్తుంది," అన్నాడు. "ఆయిలు కారకుండా ఆపే సీలు చిరిగి అంతా నేలపాలు. ఆ తర్వాత ఏ ఇంజను తెచ్చిపెట్టినా బండి కదలదు. లోపలివి ఎన్ని విప్పావు?"

"ఆరు."

"డబ్బా చూపించు."

డబ్బాలో అయిదే ఉన్నాయి.

"ఒకటి నిన్ను చూసి సిగ్గుపడి దాక్కున్నట్టుంది," అని సుబ్బారెడ్డి నవ్వాడు.

అంకమ్మ నవ్వలేదు. ఆరోది ఎక్కడుందో ఆమెకు తెలుసు. బిగించడం అయ్యాక ఆఖరి బోల్టు మీద రంగు చుక్క పెట్టడం మెకానిక్కుల అలవాటు. ఈ కన్వర్టరు బిగించిన రోజు రంగు అయిపోతే, యేసోబు ఆమె గోళ్ల రంగు సీసా అడిగి తీసుకుని ఎర్రటి చుక్క పెట్టాడు. ఇందాక ఆ చుక్క కిటికీలోకి వచ్చింది. పానా పెట్టింది కూడా. తర్వాత విప్పుదాంలే అని రాడ్డు తిప్పేసింది. తిప్పేసి, విప్పేశానని తనకు తానే చెప్పుకుంది. అది ఒక్కటీ లోపలే దాచిపెట్టుకుని, ఇంజనును ఇంకా లాగమని కేకలేసింది.

ఉస్తాద్ రాడ్డు అందుకుని తానే మెల్లగా తిప్పాడు. ఎర్ర చుక్క కిటికీలోకి వచ్చి నిలబడింది. అంకమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది. చివరికి పానా వేసింది. అనుకున్నంత బిగువుగా లేదు. నాలుగు తిప్పులకు చేతిలోకి వచ్చేసింది. డబ్బాలో వెయ్యడానికే కాస్త ఆలస్యమైంది.

ఈసారి సుబ్బారెడ్డి గొలుసు పట్టుకున్నాడో లేదో, ఇంజను తనంతట తానే జరిగినట్టు జరిగి గాల్లో ఊగింది. కన్వర్టరు గేరుబాక్సు దగ్గరే ఉండిపోయింది. జారకుండా దానికి తీగ కట్టి, అంకమ్మ చెయ్యి దాని మీదే ఉంచి నిలబడింది.

"ఇంజను వచ్చేసింది ఉస్తాద్," అంది, కళ్లు తుడుచుకోకుండానే. "లోపలిది మాత్రం అట్లాగే ఉంది."

"కింద ఏమైనా కారిందా?"

ఆమె వంగి నేల చూసింది. "చుక్క కూడా లేదు."

ఆయన చల్లారిన టీ అందుకుంటూ, "అయితే సరిగ్గానే విప్పావు," అన్నాడు.