తల వంచిన పలక

ఊ కొడుతూ వినండి. మీరు ఊ కొట్టడం మానితే నేనూ ఆపేస్తాను.

ఎద్దులు తుపాకీ చప్పుడుకి తాళ్లు తెంపుకుని పారిపోయే కాలం అది. ఒక కొండకోట కింద బండ్లు బాగుచేసే సుంకన్న ఉండేవాడు. అతని దగ్గర ఉన్నదల్లా ఇంతే: విరిగిన బండి నొగలు రెండు, అరిగిన ఇరుసు ఒకటి, నోరున్న పెళ్లాం ఒకతి. ఆమె పేరు ఓబులక్క.

కోటను ఏలే పాలెగాడు తిమ్మానాయుడికి కొత్తగా తుపాకులు వచ్చాయి. గురి నేర్చుకోవడానికి ఉక్కు పలక చేయించాడు. "దీన్ని నిలబెట్టరా సుంకా" అన్నాడు.

పలకకు సున్నం పూసే పని ఓబులక్కది. గుండు తగిలిన చోట సున్నం రాలి మచ్చ పడుతుంది. ఆమె పలక పక్కనున్న మట్టిగట్టు చాటున కూర్చుని, తల ఎత్తి మచ్చ చూసి, "తగిలింది దొరా!" అని కేక వేయాలి.

మొదట సుంకన్న పలకను బండరాయికి ఆనించాడు. గుండు తగిలింది. రాయి పెచ్చు లేచి అతని మోచెయ్యి చీరింది.

"గోడకు చేరేసిన చాప అనుకున్నావా మామా?" అని ఓబులక్క నవ్వింది.

రెండోసారి నొగలు రెండూ గుంజల్లా పాతి, పలకను వాటికి బిగించి మేకులు కొట్టాడు. బండి పనిలో వదులుంటే తప్పు, బిగువే పనితనం. అతనికి తెలిసింది అదే. గుండు తగిలింది. కదలని పలక మీద చితికి, ముక్కలై పక్కకు చిమ్మింది. ఒక ముక్క ఓబులక్క ఎడమకంట్లో దిగింది.

ఈసారి ఆమె నవ్వలేదు.

మూడోసారి నొగల మీద ఇరుసు అడ్డంగా కట్టి, తోలుపట్టీలతో పలకను వేలాడదీశాడు. కింది అంచుకు ఇంకో పట్టీ కట్టి వెనక్కి లాగాడు. పలక తల వంచుకున్న మనిషిలా ముందుకు వాలింది. గుండు తగిలింది. పలక ఊగింది. ముక్కలన్నీ కింద మట్టిలో దిగాయి.

"నా కన్ను పోకముందే ఈ తెలివి రాకూడదా మామా?" అంది ఓబులక్క. సుంకన్న పట్టీ ముడులు చూసుకుంటూ ఉండిపోయాడు.

దసరాకు పక్క పాలేల నాయకులు వచ్చారు. వాళ్లలో ఒకడు పలకను చూసి మీసం కింద నవ్వాడు.

"ఏం నాయుడూ, మీ కోటలో తల వంచినోణ్ణి కాలుస్తారా?"

తల వంచినవాడి మీద ఆయుధం ఎత్తకూడదని ఆ పాలేల కట్టుబాటు. తిమ్మానాయుడి ముఖం నల్లబడింది.

"సుంకా, ఆ వెనక పట్టీ కోసెయ్."

"దొరా, కోస్తే ముక్కలు పక్కకొస్తాయి. దానికున్నది ఒక్క కన్ను."

"కోసెయ్."

"దొరా..."

"కోసెయ్ అన్నానా!"

సుంకన్న కోశాడు. పలక నిటారుగా నిలిచింది. ఓబులక్క సున్నపు ముంత ఎత్తుకుంటే అతను లాక్కున్నాడు.

"ఇటివ్వు. నీకు పూత సరిగా రాదు."

"నాకా రాదు?"

"రాదంటున్నానా. పో, జనంలో కూచో."

నాయుడు కాల్చాడు. గుండు తగిలింది. సరిగ్గా అప్పుడే గట్టు చాటు నుంచి సుంకన్న తల ఎత్తడం అందరూ చూశారు. కేక కోసం ఎదురుచూశారు. కేక రాలేదు. ఓబులక్క ఒక్కతే లేచి పరుగెత్తింది.

సుంకన్న పోయిన ఏడాదికి మళ్లీ దసరా వచ్చింది. పలక నిటారుగానే ఉంది. ఓబులక్క వచ్చి, నడుముకు చుట్టుకున్న తోలుపట్టీ విప్పి, పలక కింది అంచుకు కట్టి, వెనక్కి లాగి ముడి వేసింది. ఎవరూ వద్దనలేదు. ఆమె గట్టువైపు తిరిగింది.

"మామా, తల వంచావా?"

జవాబు లేదు.

"మామా, తల వంచావా?"

జవాబు లేదు.

"మామా, తల వంచావా?"

తిమ్మానాయుడు తుపాకీ నేల మీద పెట్టాడు.

"వంచాడులేమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఆ కోట లేదు, ఆ నాయుడూ లేడు. దసరానాడు ఆ ఊళ్లో పలక మాత్రం కడతారు, ముందుకు వాల్చే కడతారు. కాల్చేవాడు గట్టువైపు తిరిగి, "సుంకన్నా, తల వంచావా?" అని అడుగుతాడు. గట్టు చాటున సున్నం పూసే మనిషి, "వంచా!" అనాలి. ఆ మాట వచ్చాకే తుపాకీ ఎత్తుతారు.

ఆ మనిషి వెంటనే అనడు, కాసేపు ఆగుతాడు. ఆ కాసేపూ ఊరంతా, మీరిప్పుడు ఊ కొట్టడం మరిచినట్టే అన్నీ మరిచి, గట్టు వైపే చూస్తూ నిలబడుతుంది.