మూడు వేళ్ల పట్టు

సోమలింగాచారి గారి కొట్లో ఒక ఆచారం ఉండేది. శిష్యుడు ఎంతటి పనివాడైనా సరే, గురువు సరేననేదాకా చేసిన వస్తువు మీద తన ముద్ర కొట్టుకోకూడదు. వెండిపనిలో కృష్ణకు ఇవతల ఆయనకు సాటి లేరని పేరు. గుళ్లకు హారతి పళ్లేలూ, చర్చీలకు పూజాపాత్రలూ ఒకే కుంపటి మీద తయారయ్యేవి. పెద్ద శిష్యుడు నాగలింగానికి ముప్ఫై ఏళ్లు దాటాయి. ముద్ర చెక్కించుకుని మూడేళ్లయినా అది రొంటిన దోపుకుని తిరగడమే గానీ వాడింది లేదు. ఆ ఏడు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఇది నా పని అని ఎప్పుడు చెప్పుకోవచ్చండీ?"

ఆచారి గారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. పక్క తాలూకా చర్చి నుంచి ద్రాక్షారసపు పాత్ర కావాలని కబురొచ్చి ఉంది. "అది నువ్వు చెయ్యి," అన్నారు.

నాగలింగం నలభై రోజులు ప్రాణం పెట్టి చేశాడు. ఆ పాత్రకు కాడ మధ్యలో పట్టుకోవడానికి ఒక బుడిపె ఉంటుంది. దాని చుట్టూ ద్రాక్షాకులు లేపాడు, అంచులు విచ్చుకుని, గాలి వీస్తే కదులుతాయేమో అన్నట్టు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఈ పిల్ల ఊరందరికీ ముద్దొచ్చింది. ఆచారి గారు మాత్రం చూసి ఊరుకున్నారు.

లాటిన్‌లో పూజ చెప్పే రోజులవి. మొదటి ఆదివారం గురుశిష్యులిద్దరూ చర్చి పక్కవాకిలి దగ్గర నిలబడ్డారు. ముసలి ఫాదరు గారు పాత్ర ఎత్తబోతూ ఒక్క క్షణం ఆగారు. పైకి చూడాల్సిన కళ్లు పాత్ర మీదకు దిగాయి.

"చూశారా, ఆయన కూడా చూపు తిప్పుకోలేకపోయారు," అని నాగలింగం గొణిగాడు. అతని సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

పూజ అయ్యాక ఆచారి గారు ఫాదరు గారిని కుడిచెయ్యి చూపించమన్నారు. చివరి మూడు వేళ్ల మీద ఎర్రగా గాట్లు పడి ఉన్నాయి.

"పని ముచ్చటగా ఉంది బాబూ," అన్నారు ఫాదరు గారు, ఎక్కడ నొచ్చుకుంటాడోనని. "పూజలో ప్రసాదపు అప్పం ముట్టుకున్నాక బొటనవేలూ చూపుడువేలూ కడుక్కునేదాకా మేము విడదీయం. తక్కిన మూడింటితోనే పట్టుకోవాలి. కొత్తది కదా, అలవాటైపోతుందిలే."

నాగలింగం తల దించుకున్నాడు. హారతి పళ్లెం ఎత్తినట్టే దీన్నీ అయిదు వేళ్లతో ఎత్తుతారనుకున్నాడు. అడగాలని కూడా తోచలేదు.

పాత్ర కొట్టుకు తిరిగొచ్చింది. ఆకురాయి నాగలింగమే అందుకున్నాడు. మొదటి ఆకు అంచు రాలినప్పుడు కళ్లనీళ్లు ఆగలేదు. తన బొటనవేలినీ చూపుడువేలినీ దారంతో కలిపి కట్టుకుని, మిగతా మూడు వేళ్లతో పాత్ర ఎత్తి చూడటం, నొక్కుకున్న చోట మళ్లీ అరగదీయడం, వారం రోజులు అదే పని. చివరికి ఆకులు మిగిలాయి గానీ వేళ్లకు దారిచ్చి ఒదిగి పడుకున్నాయి.

పాత్రను, పూజకు అన్నీ అమర్చిపెట్టే చర్చి ఉపదేశి చేతికిచ్చారు. ఆదివారం అతనే దాన్ని పీఠం మీద పెట్టి గుడ్డ కప్పాడు. ఫాదరు గారు ఎత్తారు. చెయ్యి ఆగలేదు, కళ్లు దిగలేదు.

పూజ ముగించి బయటికి వస్తూ ఆయన నాగలింగాన్ని చూసి నవ్వారు. "పాత్ర బాగుచేయడం ఎంతవరకు వచ్చింది బాబూ? తొందరేం లేదు, పాతదానితో జరిగిపోతోంది."

అంత చాకిరీ చేస్తే, తాను ఎత్తింది ఆ పాత్రేనని ఫాదరు గారు ఆనవాలైనా పట్టలేదు. నాగలింగం ఉక్రోషంగా గురువు వైపు తిరిగాడు. ఆచారి గారు నిటారుగా నిలబడి మీసం దువ్వుకుంటున్నారు. సొంత పనికైనా ఆయన అలా దువ్వుకోగా నాగలింగం ఎన్నడూ చూడలేదు.

"ఉపదేశినడిగి ఆ పాత్ర తీసుకురా," అన్నారు. "ముద్ర రొంటినే ఉందిగా?"