పదివేల ఏడో ఇటుక

విను తల్లీ, అనగనగా నాగావళి ఒడ్డున, ఇటుకలు కోసేవాళ్ళ ఊళ్ళో అప్పలసూరి అని ఒకడు ఉండేవాడు. అతనికి గవిరి అని ఆరేళ్ళ కూతురు. ఇటుకల కోత ముగిసిన సాయంత్రం ఆఖరి ఇటుకను గవిరే అచ్చులో పోసి, పచ్చి మన్ను మీద అరచెయ్యి అద్దింది. ఆ తర్వాత మూడు రోజులు జ్వరం. నాలుగో రోజుకి గవిరి లేదు.

ఆ ఊరికొక కట్టుబాటు ఉండేది. బట్టీ పెట్టే ముందు పచ్చి ఇటుకలన్నీ కోసిన క్రమంలో పైకి లెక్కపెట్టి, సమానమైన వరసల్లో పేర్చాలి. వరసకు అందక చివర మిగిలినవాటిని తొక్కి మన్నులో కలిపేయాలి. మిగులును కాలిస్తే బట్టీ మొత్తం పగులుతుందని వాళ్ళ భయం.

అప్పుడు లెక్కపెట్టారు. పదివేల ఏడు వచ్చాయి. పదివేల ఏడోది గవిరి చెయ్యి ఉన్న ఇటుక.

ఇంకొకటి చేసి కలిపేస్తే పోయేదిగా అంటావా? లెక్క పైకి చెప్పాక కలపకూడదు, తీయకూడదు, తల్లీ.

సూరి రెండు వరసలు పేర్చాడు. ఒకటి మిగిలింది. అప్పుడు మూడు వరసలు పేర్చాడు. రెండు మిగిలాయి. ఆ తర్వాత ఏడు పేర్చాడు. నాలుగు మిగిలాయి. ప్రతిసారీ ఆ మిగులులో గవిరి చెయ్యి ఉంది.

"ఓరి సూరీ, నీ చేతులు పుళ్ళు పడతాయి గానీ అది కుదరదురా. తొక్కేయ్, వానలొచ్చేస్తున్నాయి" అన్నాడు మేస్త్రి సన్యాసి.

"నీ కాలు ఇయ్యి మావా. నా కాలు రాదు" అన్నాడు సూరి.

అప్పుడు ఊరి లెక్కలు చూసే ముసలి ముత్యాలమ్మ చింతగింజలు పరుచుకుని కూర్చుంది. "నూరు నూర్లు పదివేలు. నూట ఒకటి నూట ఒకట్లంటే ఈ లెక్క దాటిపోతుంది. కాబట్టి వరసలో, వరసకి ఇటుకలో, రెంటిలో ఒకటి నూరు మించదు. నూరు దాకా చూస్తే చాలు" అంది. రెండు నుంచి నూరు దాకా ఒక్కొక్కటే చూసింది. ప్రతిదానికీ ఏదో మిగిలింది.

"నాయనా, ఈ సంఖ్య ఎలా పంచినా తెగదు. ఉన్నది ఒక్కటే దారి. అన్నీ కలిసి ఒకే వరస."

"ఒక్కటుంటే అదీ వరసేనా, పిన్నీ?" అన్నాడు మేస్త్రి.

"ఏదీ మిగలకపోతే వరస కాక మరేమిట్రా?"

ఆ తర్వాత బట్టీ దగ్గర మొదలైన వరస చెరకు తోట దాటింది, ఏటిగట్టు దాటింది, గవిరిని పూడ్చిన చోటికి చేరింది. ఊరంతా నడుం వంచి ఇటుకలు అందించింది. మేస్త్రి కూడా. ఆఖరిదాన్ని మాత్రం సూరి ఒక్కడే మోసుకెళ్ళి పెట్టాడు. ఏదీ మిగలలేదు.

లెక్క తేలాక ఇటుకలన్నీ బట్టీలోకి చేర్చి నిప్పు పెట్టారు. బట్టీ కాలి చల్లారింది. సూరి ఎర్రటి ఆ ఇటుకను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తన చెయ్యి ఆనించబోయి ఆగిపోయాడు. నిప్పులో మన్ను కుంచించుకుపోతుంది కదా తల్లీ. గవిరి చెయ్యి, బతికున్నప్పటికంటే ఇంకా చిన్నదయింది.

వరసలో చోటు ఇటుకకి,
నడిచి వెళ్ళె కథ కంచికి,
కన్ను మూసి మనం ఇంటికి.